వీధి మధ్య గీత

మిల్లు వెనక వీధి,
ఫిబ్రవరి 6

మామయ్యకు,

నీ మోకాలు ఎలా ఉంది? అత్తయ్యను ఫోన్లో అడిగితే "బాగానే ఉంది, మెట్లెక్కొద్దంటే ఎక్కుతున్నారు" అంది. నీకు ఇవ్వమంటే, "ఇచ్చి ఏం లాభం? నువ్వొకటి అంటావు, ఆయన ఇంకోటి వింటారు" అని పెట్టేసింది. అందుకే మళ్లీ కాగితం పట్టుకున్నాను.

స్కూల్లో పరీక్షల కాలం. తొమ్మిదో తరగతి భిన్నాలు నన్ను ముంచుతున్నాయి. నిజంగా ముంచినవి మాత్రం పోయిన నెల వానలు. మా వీధి చివర బేకరీ ఆయన గుర్తున్నాడు కదా, నీ కోసం అంచు మాడిన రొట్టె ఏరి పక్కన పెట్టేవాడు. ఆయన పొయ్యిలోకి నీళ్లొచ్చి ఇటుకలు పగిలిపోయాయి. మలుపులో ఉన్న పంపు పని చేసి ఉంటే ఆ నీళ్లు కాలవలోకి పోయేవి. పంపు చెడిపోయి ఏడాది దాటింది.

బాగు చేయించమని బేకరీ ఆయన కౌన్సిలర్ల చుట్టూ తిరిగాడు. ఒక్కరు కాదు, ముగ్గురు. నిరుడు ఎన్నికలకు ముందు కొత్త మ్యాపు వేసినప్పుడు మా పేటను మూడు ముక్కలు చేశారులే. వీధికి ఎడమ పక్క ఇళ్లు నాలుగో వార్డు, కుడి పక్క ఇళ్లు ఏడో వార్డు, పంపు ఉన్న మలుపు రెండో వార్డు. నాలుగో వార్డు ఆయన "పంపు నాది కాదు" అన్నాడట. రెండో వార్డు ఆవిడ "మునిగిన ఇళ్లు నావి కావు" అందట. ఏడో వార్డు ఆయన "నీళ్లు ఎటునుంచి వచ్చాయో అటే వెళ్లి అడగండి" అన్నాడట.

ఊళ్లో సగం ఓట్లు అధికార పార్టీవి, సగం అవతలి వాళ్లవి. సీట్లు మాత్రం తొమ్మిదిలో ఏడు అధికార పార్టీకే వచ్చాయి. మ్యాపు గీసిన సరిహద్దుల కార్యాలయం వాళ్ల చేతి కిందదే.

మా తోటి టీచరు ఒకావిడ అడిగింది: పార్టీ లాభం కోసం ఇలా గీతలు గీస్తే కోర్టుకు వెళ్లొచ్చా అని. ఇంట్లో పెద్ద జడ్జి ఉండగా నేనెందుకు నోరు విప్పాలి? తీరికగా రాయి.

నీ మేనకోడలు

⁂

కొండవాలు ఇల్లు,
ఫిబ్రవరి 15

చిరంజీవి లెక్కల పంతులమ్మకు మామయ్య ఆశీస్సులు.

మోకాలు తన ఇష్టప్రకారం నడుచుకుంటోంది. నేను దాని వెనక నడుస్తున్నాను. మీ అత్తయ్య నా చెవుల గురించి ఊరంతా చాటింపు వేస్తోందని ఇప్పుడే తెలిసింది.

బేకరీ ఆయనకు జరిగింది అన్యాయమే. పంపు బాగు చేయించమని మున్సిపాలిటీ మీద కేసు వేయమను. అది గెలిచే కేసు.

మ్యాపు సంగతి వేరు. మీ తోటి టీచరమ్మకు నా మాటగా చెప్పు, కాళ్లు అరగదీసుకోవద్దని. ఒక వార్డులో పదివేల మంది, ఇంకో వార్డులో ముప్పై వేల మంది ఉన్నారనుకో, కోర్టు లెక్కపెట్టగలదు. ఎవరి ఓటైనా లేకుండా చేశారనుకో, కోర్టు చూడగలదు. కానీ గీత గీసినవాడు తన పార్టీకి లాభం చూసుకున్నాడు అంటే, చూసుకోకుండా ఉంటాడా? కొంచెం చూసుకుంటే సరే, మరీ చూసుకుంటే తప్పు అందామా? ఎంతైతే మరీ? వంటలో ఉప్పు ఎక్కువైందని తిన్నవాడు చెప్పగలడు. కోర్టుకు నాలుక లేదు. రేపు జడ్జీలే పెన్సిలు పట్టుకుని కూర్చుంటే, ఎల్లుండి ఏ పార్టీ జడ్జి అని జనం అడుగుతారు. అప్పుడు మ్యాపూ పోతుంది, కోర్టూ పోతుంది.

కొత్త మ్యాపు నచ్చకపోతే వచ్చే ఎన్నికల్లో గీసినవాళ్లను ఓడించాలి. దానికి మందు ఓటే.

మీ అత్తయ్య పక్కనుంచి "ఉపన్యాసం చాలు, పిల్లను సెలవులకు రమ్మను" అంటోంది. రా.

మామయ్య

⁂

మిల్లు వెనక వీధి,
మార్చి 21

గౌరవనీయులైన మామయ్య గారికి,

మీకు ముందొక విషయం చెప్పాలి. తోటి టీచరంటూ ఎవరూ లేరు. పిటిషన్ వేసింది మా వీధి వాళ్లం, పందొమ్మిది మందిమి. అందులో మొదటి పేరు నాది. మీకు మొదటి ఉత్తరం రాసేనాటికే వేశాం. మీరు వద్దంటారేమోనని దాచాను. అది నా తప్పు.

సోమవారం నాడు కేసు ముగ్గురు జడ్జీల ముందుకొచ్చింది. బేకరీ ఆయనా, మా పక్కింటి నర్సూ, నేనూ వెనక బల్ల మీద కూర్చున్నాం. మా లాయరమ్మ గీతల సంగతి వివరిస్తుంటే మధ్యలో కూర్చున్న జడ్జి గారు, "సరేనమ్మా, ఎంతైతే అతి అవుతుందో చెప్పండి. కొలత ఏది?" అన్నారు. మా లాయరమ్మ మళ్లీ మా వీధి మ్యాపే చూపించింది.

అప్పుడు కార్యాలయం తరఫు లాయరు లేచాడు. పొడుగాటి మనిషి, తొందరలేని గొంతు. "దీని మీద ఈ కోర్టే ఇరవై రెండేళ్ల కిందట తేల్చేసింది" అని ఒక లావుపాటి పుస్తకం తెరిచి చదివాడు. "ఉప్పు ఎక్కువైనదని భుజించినవాడు చెప్పగలడు. న్యాయస్థానమునకు నాలుక లేదు."

ఆ మాట నేను అంతకు నెల ముందే మీ చేతిరాతలో చదివాను. విరామంలో ఆ పుస్తకం అడిగి చూశాను. చివర మీ పేరుంది.

నేను తోటి టీచరు అని అబద్ధం ఆడాను, ఒప్పుకుంటున్నాను. కానీ మీరు ఎవరో ఎక్కడో చెప్పిన న్యాయంలాగా రాశారు. నేనే రాశానమ్మా ఆ తీర్పు, అని ఒక్క ముక్క రాయలేకపోయారా? మందు ఓటే అన్నారు. ఆ మందులోనే కదా వాళ్లు నీళ్లు కలిపింది!

బేకరీ ఆయన ఇంటికొచ్చే దారిలో "ఆ జడ్జి ఎవరోగానీ ఎప్పుడూ వానలో తడిసి ఉండడు" అన్నాడు. అది మీరేనని ఆయనకు చెప్పలేదు.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ మేనకోడలు

⁂

కొండవాలు ఇల్లు,
ఏప్రిల్ 3

బంగారూ,

మీ మామయ్య జవాబు రాయలేదని కోపం తెచ్చుకోకు. నీ ఉత్తరం చదివి మడత పెట్టారు, మళ్లీ విప్పారు. నాలుగు రోజులుగా అదే పని. మొన్న నేను కూరగాయలకు వెళ్లి వచ్చేసరికి నిచ్చెన వేసుకుని అటక మీదున్నారు, ఆ మోకాలితో! దించడానికి పక్కింటి తాపీ మేస్త్రీని పిలవాల్సి వచ్చింది. ఒళ్లంతా దుమ్ము, చేతిలో పాత నోటు పుస్తకాలు.

ఏమైందండీ అంటే ఒక్కటే అన్నారు: "అది నన్ను 'మీరు' అంది."

మీ కోర్టు గొడవలు నాకు తెలియవు. నలభై ఏళ్లు ఆయనతో కాపురం చేసి నేను నేర్చుకున్నది ఒకటే. తప్పు తనదని తెలిస్తే ఈయన తిండి తగ్గిస్తారు. ఇప్పుడు సగం తింటున్నారు. కొంచెం ఆగు, రాస్తారు.

అత్తయ్య

⁂

కొండవాలు ఇల్లు,
ఏప్రిల్ 9

అమ్మాయీ,

నువ్వు ఎవరి కోసమో అన్నట్టు అడిగావు, నేను ఎవరో చెప్పినట్టు జవాబిచ్చాను. మన ఇద్దరం ఒకే బడిలో చదివినట్టున్నాం. కానీ పెద్దవాణ్ని నేను కాబట్టి పెద్ద తప్పు నాది.

ఆ కేసు తెచ్చినవాడు నది మీద పడవ నడిపేవాడు. ఒడ్డునున్న పల్లెలన్నిటినీ ముక్కలు చేసి తలా ఒక నియోజకవర్గంలో కలిపారని అతని బాధ. నాలుగు వాయిదాలకు నాలుగుసార్లు వచ్చాడు. ఆఖరి రోజున లేచి ఏదో చెప్పబోయాడు. నేను "మీ ప్లీడరు చెప్తాడు, కూర్చోండి" అన్నాను. కూర్చున్నాడు.

మాకు ముగ్గురికీ తలా ఒక మ్యాపుల మూట ఇచ్చారు. పాతవీ కొత్తవీ కలిపి అరవై మ్యాపులు. నా మూట నేను విప్పలేదు. నిన్ను ఊరడించడానికి మాట మార్చి రాయడం లేదు, నిజంగా విప్పలేదు. వేసవి సెలవులు ఎదురుగా ఉన్నాయి, తీర్పు ఏమిటో నాకు మొదటి రోజునే తెలుసుననుకున్నాను, సూత్రం తేలిపోయాక మ్యాపులు చూసి చేసేదేముంది అనుకున్నాను. ఎవరూ నన్ను కొనలేదు, ఎవరూ బెదిరించలేదు. ఒక మనిషి నాలుగుసార్లు ప్రయాణం చేసి తెచ్చింది చూడకుండానే చూశానని రాశాను. అంతే.

మాలో మూడో ఆవిడ తన మూట విప్పింది. నాతో విభేదిస్తూ విడిగా అయిదు పేజీలు రాసింది. ఛాంబర్లో ఆ పేజీలు చదివి నేను నవ్వాను. "ఇది కోర్టమ్మా, డ్రాయింగు క్లాసు కాదు" అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఆ తర్వాత మేమిద్దరం అదే భవనంలో ఆరేళ్లు పని చేశాం, వాతావరణం గురించి తప్ప మాట్లాడుకోలేదు.

ఆ పేజీలు అచ్చులో ఉన్నాయి. నా తీర్పు ముగిసిన చోట, చిన్న అక్షరాల్లో. అందరూ నా సంతకం దాకా చదివి పుస్తకం మూసేస్తారు. గ్రంథాలయంలో ఎవరికైనా దొరికే సంగతే కాబట్టి ఈ మాట రాస్తున్నాను. ఇంతకు మించి ఒక్క అక్షరం రాయను. కేసు కోర్టులో ఉంది, నువ్వు వాదివి, నేను ఒకప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ని. తీర్పు వచ్చేదాకా మనం మోకాళ్ల గురించే రాసుకుందాం.

నా తీర్పు మొత్తం తప్పని కూడా నేను అనడం లేదు, గుర్తుంచుకో. పెన్సిలు జడ్జీ చేతికి వెళ్తే ప్రమాదమని ఇప్పటికీ నమ్ముతున్నాను.

మామయ్య

⁂

మిల్లు వెనక వీధి,
జూన్ 28

మామయ్యకు,

మోకాళ్ల గురించే రాసుకుందామన్నావు. ఈ ఉత్తరంలో అది కుదరదు. రేపో ఎల్లుండో పేపర్లో పడుతుంది, అంతకుముందే నా చేత్తో నీకు తెలియాలి. ఫోన్ చేసి అరిచి చెప్పే సంగతి కాదు.

మా లాయరమ్మ ఆ అయిదు పేజీలు చదివింది. ముగ్గురు ఇచ్చిన పాత తీర్పును మళ్లీ చూడాలంటే అయిదుగురు కూర్చోవాలట, కేసు అయిదుగురి ముందుకు వెళ్లింది. ఈలోగా మేం ఆ పేజీల్లో ఉన్న పనే చేశాం, అవే నియమాలతో మామూలు జనం చేత మ్యాపులు గీయించి పోల్చి చూడడం. సెలవుల్లో మా స్కూలు హాలు అడిగి తీసుకున్నాం. ఊరంతా నూట ఎనభై గడులుగా ఉన్న కాగితం ఒకటి తయారుచేశాను. ఒక్కో గడిలో ఎంతమంది ఉంటారో అంకె వేశాను. ఓట్ల లెక్క ఎక్కడా లేదు. నియమాలు కార్యాలయం రాసుకున్నవే: తొమ్మిది వార్డులు, సమానమైన జనాభా, ముక్కలు కాకుండా ఉండాలి, వంతెన లేని చోట కాలవ దాటకూడదు. వచ్చినవాళ్లకు తలా ఒక కాగితం, పెన్సిలు, రబ్బరు ఇచ్చాం.

నలభై మూడు మంది వచ్చారు మామయ్యా. బస్సు డ్రైవరు, మంగలి, మా నర్సు, టైపు నేర్పే ఆవిడ. అధికార పార్టీకి ఓటేసిన వాళ్లు పదకొండు మంది, ఆ మాట ప్రమాణ పత్రంలో వాళ్లే రాశారు. బస్సు డ్రైవరు పదిహేను నిమిషాల్లో గీసేశాడు, రూట్లన్నీ తెలుసు కాబట్టి. బేకరీ ఆయన మూడు కాగితాలు చింపాడు. "జనం సరిపోతే ఆకారం రాదు, ఆకారం వస్తే జనం సరిపోరు. ఆ ఆఫీసువాళ్ల మీద కొంచెం జాలి కలుగుతోంది" అన్నాడు.

అన్నీ అయ్యాక లాయరమ్మ గుమాస్తాలు నిరుటి ఓట్లు వాటిలో వేసి కూడారు. ముప్పై ఎనిమిది మ్యాపుల్లో అధికార పార్టీకి నాలుగో అయిదో సీట్లు వచ్చాయి. అయిదింటిలో ఆరు వచ్చాయి. ఏడు ఒక్కదానిలోనూ రాలేదు.

నిన్న నన్ను బోనెక్కించారు. ఆ పొడుగు లాయరు, "మీరు లెక్కల టీచరు కదా. కావలసిన జవాబు వచ్చేదాకా గీయించారా?" అన్నాడు.

"లేదండీ. నలభై మూడు మంది గీశారు, నలభై మూడూ మీ ముందున్నాయి. చింపినవి కూడా అతికించి పెట్టాం."

కోర్టులో ఎవరో నవ్వారు. అతను నవ్వలేదు. ఆ పాత పుస్తకం ఎత్తి చూపించాడు. "ఈ తీర్పు రాసిన జడ్జి గారు మీకేమవుతారు?"

"మామయ్య. మా అమ్మకు సొంత అన్నయ్య."

కోర్టంతా గుసగుసలు. మా లాయరమ్మకు కూడా నేను చెప్పలేదు. ఆవిడ ముఖం చూడలేకపోయాను.

"ఈ కేసు గురించి మాట్లాడుకున్నారా?"

"ఉత్తరాలు రాసుకున్నాం."

"ఎలా గెలవాలో ఆయన చెప్పారా?"

"చెప్పలేదండీ. గెలవదని చెప్పారు."

ఉత్తరాలు కోర్టుకు ఇమ్మన్నాడు. పెద్ద జడ్జి గారు నా వైపు తిరిగి, "ఉన్నాయా అమ్మా?" అన్నారు. లేవు, చింపేశాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. నువ్వు ఆ మూట సంగతి రాసిన కాగితం నా సంచిలోనే ఉంది. నిజమే చెప్తానని గంట ముందే ప్రమాణం చేశాను. "మూడున్నాయండీ, ఒకటి మా అత్తయ్యది" అన్నాను. మూడూ ఇచ్చాను.

నువ్వు నన్ను నమ్మి రాసింది అందరి చేతుల్లో పెట్టాను. క్షమించమని అడగడానికి కూడా నాకు నోరు రావడం లేదు. తెలియాలని రాస్తున్నాను.

నీ మేనకోడలు

⁂

కొండవాలు ఇల్లు,
జూలై 5

అమ్మాయీ,

పేపరు చూశాను. "మూట విప్పని జడ్జి" అని పెద్ద అక్షరాలతో వేశారు. పార్కులో నాతో నడిచే ఇద్దరు ఈ వారం వేరే దారిన నడుస్తున్నారు.

ఒంట్లో బాగానే ఉంది. నీ క్షేమం రాయి.

మామయ్య

⁂

మిల్లు వెనక వీధి,
సెప్టెంబరు 17

మామయ్యకు,

నీ చిన్న ఉత్తరానికి జవాబుగా రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. ఇప్పుడు చెప్పడానికి కబురుంది కాబట్టి రాస్తున్నాను. తీర్పు వచ్చింది. ముగ్గురు మా వైపు, ఇద్దరు కాదన్నారు.

ఆఖరి వాయిదాలో కార్యాలయం అధికారిని బోనులో నిలబెట్టారు, అది నువ్వు చూడాల్సింది. పాపం, మంచి మనిషే, చొక్కా చెమటతో తడిసిపోయింది. పెద్ద జడ్జి గారు మా వీధి మ్యాపు పరిచి, "ఈ గీత ఇళ్ల మధ్య నుంచి ఎందుకు పోయింది?" అన్నారు.

"జనాభా సమానం చేయడానికండీ."

"రెండు పక్కలా కలిపి రెండు వందల మంది. అటు కలిపినా ఇటు కలిపినా సరిపోయేది. ఎందుకు చీల్చారు?"

"పైనుంచి వచ్చిందండీ."

"పైనుంచి అంటే?"

అతను తల వంచుకున్నాడు.

తీర్పులో వాళ్లన్నది ఇది. మ్యాపు మేం గీయం. ఏ పార్టీకి ఎన్ని రావాలో మేం చెప్పం. కానీ అవే నియమాలతో నలభై మూడు మంది గీసినా ఒక్కసారి కూడా రాని ఫలితం ఈ మ్యాపులో వస్తే, ఎందుకు వచ్చిందో చెప్పవలసిన బాధ్యత గీసినవాళ్లది. చెప్పలేకపోయారు కాబట్టి మ్యాపు చెల్లదు. నాలుగు నెలల్లో కొత్తది గీయాలి, జనాన్ని కూర్చోబెట్టి వినాలి, ప్రతి గీతకూ కారణం కాగితం మీద రాయాలి. నిరుటి ఎన్నిక మాత్రం రద్దు చేయలేదు. ఆ ఏడుగురూ ఇంకా మూడేళ్లు ఉంటారు.

ఉత్తరాలను సాక్ష్యంగా తీసుకోలేదని ఒక్క వాక్యంలో వదిలేశారు. కాదన్న ఇద్దరిలో ఒకాయన నీ తీర్పే సరైనదని పదహారు పేజీలు రాశారు. నీకు సంతోషమో బాధో తెలియక చెప్తున్నాను.

వీధిలో అందరూ బయటికొచ్చారు. బేకరీ ఆయన ఇంటింటికీ వేడి రొట్టె పంచాడు. నాకు మాత్రం ఇంకా గొంతు దిగడం లేదు. నువ్వు మాట్లాడితే దిగుతుంది.

నీ మేనకోడలు

⁂

కొండవాలు ఇల్లు,
అక్టోబరు 2

చిరంజీవి లెక్కల పంతులమ్మకు,

రొట్టె చల్లారకముందే తిను.

జూలైలో నేను రాసిన ఆ నాలుగు ముక్కల ఉత్తరం మరిచిపో. ఒళ్లు మండింది, దాచను. పేరు పోయిందని రెండు నెలలు ముఖం మాడ్చుకుని తిరిగాను. మీ అత్తయ్య ఒకరోజు పళ్లెం నా ముందు పెట్టి, "దాన్ని చిన్నప్పుడు అబద్ధం ఆడితే గోడకుర్చీ వేయించేవారు. ఇప్పుడు నిజం చెప్పినందుకు వేయిస్తున్నారా?" అంది. ఆ మాట మాత్రం నాకు స్పష్టంగా వినిపించింది.

పోయిన వారం మీ అత్తయ్యను వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి మా మూడో ఆవిడ ఇంటికి వెళ్లాను. తోటలో కుండీలకు మట్టి పోస్తోంది. నన్ను చూసి, "వాన వచ్చేలా ఉంది" అంది. పదహారేళ్ల తర్వాత మొదటి మాట కూడా వాతావరణమే! నేను, "ఆ రోజు నవ్వడం తప్పు. చూడకుండా రాయడం ఇంకా పెద్ద తప్పు. చెప్పడానికి వచ్చాను" అన్నాను. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. "మీరు నవ్వినందుకు నాకు బాధ లేదండీ. ఆ పడవ ఆయన్ను కూర్చోమన్నారు చూడండి, అప్పుడు నేనూ ఏమీ అనలేదు. అది నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది" అంది. ఆ తర్వాత ముగ్గురం టీ తాగాం. ఆడవాళ్లిద్దరూ నా చెవుల మీద జోకులు వేసుకున్నారు, వినిపించలేదనుకుని.

తీర్పు పూర్తిగా చదివాను. నా భయం పెన్సిలు జడ్జీ చేతికి పోతుందని. వీళ్లు పెన్సిలు ముట్టుకోలేదు. పట్టుకున్నవాణ్ని ఎందుకిలా గీశావని అడిగారు. ఆ రెంటి మధ్యా అంత చోటు ఉందని ఇరవై రెండేళ్ల కిందట నాకు తట్టలేదు. కాదన్నాయన పదహారు పేజీలూ చదివాను. బాగా రాశాడు. నాకు సంతోషం కలగలేదు.

ఇంకొకటి. కోర్టు నీకు మ్యాపు ఇవ్వలేదు, ఒక సభ ఇచ్చింది. దాంట్లో ఏం జరిగిందో రాయి.

మామయ్య

⁂

మిల్లు వెనక వీధి,
డిసెంబరు 12

మామయ్యకు,

కార్యాలయం వాళ్ల సభల్లో నిన్న మా పేట వంతు. స్కూలు హాల్లోనే పెట్టారు. అరవై కుర్చీలు వేస్తే నూట యాభై మంది వచ్చారు. బోనులో తల వంచుకున్న ఆ అధికారే వచ్చాడు. ఈసారి పెద్ద మ్యాపు గోడకు తగిలించి, పక్కన నిలబడ్డాడు. ప్రతి గీత కిందా కారణం రాసి ఉంది.

మా వీధి రెండు పక్కలా, పంపు మలుపుతో సహా, ఒకే వార్డులోకి వచ్చింది. చప్పట్లు కొట్టాం. అక్కడితో అయిపోతుందనుకున్నాను.

అప్పుడు బేకరీ ఆయన లేచాడు. "అంతా బాగానే ఉంది, ఒక్క చిన్న సవరణ. కాలవ అవతల లాండ్రీ పనివాళ్ల ఇళ్లున్నాయి. అవి మాలో కలపకండి. వాళ్లంతా అధికార పార్టీకే వేస్తారు. వాళ్లు లేకపోతే ఈ వార్డు ఎప్పటికీ మనదే" అన్నాడు. మా వీధి వాళ్లే సగంమంది "అవును, అవును" అన్నారు. మా నర్సు కూడా. ఆ అధికారి నా వైపు చూశాడు, మొదటి పేరు నాది కదా.

లేచి నిలబడ్డాను మామయ్యా. "వంతెన ఉంది, వాళ్ల పిల్లలు మన స్కూల్లోనే చదువుతారు, వాన వస్తే ముందు మునిగేది వాళ్ల ఇళ్లే. ఎవరికి ఓటేస్తారో చూసి తీసేయడానికి మనం కోర్టుకు వెళ్లలేదు" అన్నాను. హాల్లో గోల మొదలైంది. "నువ్వు మా వైపా, వాళ్ల వైపా?" అని బేకరీ ఆయన అరిచాడు. ఆ ఇళ్లు కలిపితే వచ్చే ఎన్నికల్లో మేం కోరుకున్న మనిషి ఓడిపోవచ్చు, లెక్క వేసి చూశాను. ఆ మాట కూడా పైకే చెప్పాను. అది ఎవరికీ నచ్చలేదు.

అధికారి నోటు పుస్తకం తీసి, "సవరణకు కారణం ఏమని రాసుకోమంటారు?" అని బేకరీ ఆయన్ను అడిగాడు. ఆ కారణం కాగితం మీద రాయించడానికి ఆయనకే మనసొప్పలేదు. కూర్చున్నాడు. ఈ ఉదయం నాకు రొట్టె అమ్మాడుగానీ మాట్లాడలేదు. కొన్నాళ్లు ఇంతే అనుకుంటా.

చివర్లో, "ఇంకెవరైనా ఏమైనా చెప్పాలా?" అన్నాడు అధికారి. అందరూ కుర్చీలు జరుపుకుంటున్నారు. వెనక గోడకు ఆనుకుని ఇస్త్రీ చీరలో ఒకావిడ నిలబడి ఉంది, ఎప్పుడు వచ్చిందో ఎవరికీ తెలియదు. చెయ్యెత్తింది. "సార్, లాండ్రీ వెనక సందు మీరు వెయ్యలేదు. మా ఇళ్లు అక్కడే" అంది.

ఆయన మ్యాపు దగ్గరికి వెళ్లి వేలితో వెతికాడు. నిజంగానే లేదు. పాత మ్యాపులో కూడా లేదట. "ఎన్ని ఇళ్లమ్మా?"

"పదకొండండీ."

జేబులోంచి పెన్సిలు తీశాడు. ఆవిడను దగ్గరికి పిలిచి, ఇక్కడి నుంచి ఇక్కడికా అని అడుగుతూ గీశాడు. పక్కన 11 అని రాశాడు. ఆవిడ వంగి చూసుకుని, "ఆ, అదే" అంది.

ఉంటాను. జనవరిలో మీ ఇద్దరూ వచ్చేయండి, ముందు గది ఖాళీ చేయించాను.

నీ మేనకోడలు